రాజ్యానికి ఏ పని వదిలారు? స్వేచ్ఛావాద ఆలోచనాపరులను వరసగా చదివే పద్ధతి

ఇంజనీరింగ్ హాస్టల్లో మా రూమ్మేటు ఒకడు అమెరికన్ రచయిత్రి అయన్ రాండ్ నవల పూర్తిచేసి, వారం రోజులపాటు ఎవరికీ నోట్సు ఇవ్వలేదు. "నా కష్టం నాది" అన్నాడు. ఎనిమిదో రోజు వాడికే ఎవరిదో ల్యాబ్ రికార్డు అవసరం పడి దిగొచ్చాడు. మన దగ్గర చాలామందికి స్వేచ్ఛావాద ఆలోచనలతో తొలి పరిచయం ఇలాగే జరుగుతుంది. ఏదో ఒక లావుపాటి పుస్తకం చేతికి చిక్కుతుంది. కొందరు దాన్ని నెత్తికెత్తుకుంటారు, కొందరు యాభయ్యో పేజీలో గిరాటేస్తారు.

నేను ఈ రచయితల్ని చాలా ఏళ్లుగా చదువుతున్నాను. సగం విషయాల్లో వాళ్లతో పేచీ ఉంది, అయినా చదవడం మానలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది వాయిదా వేయాలి, చదువుతూ ఏం రాసుకోవాలి అన్నది నాకు తెలిసినంతలో చెబుతాను. వారానికి ఒక ఆదివారం మధ్యాహ్నం కేటాయించగలిగితే మూడు నాలుగు నెలల్లో దారి తెలిసిపోతుంది.

ముందు ఒక నోటుబుక్కు

ఒక్కో రచయితకు ఒక పేజీ. పైన పేరు, పుట్టిన ఊరు, సంవత్సరం. కింద మూడు ప్రశ్నలు: ఈయన ఏ సమస్య చూసి కలం పట్టాడు? ఎవరితో తగాదా పడుతున్నాడు? చివరికి ప్రభుత్వానికి ఏ పని వదిలాడు?

మూడో ప్రశ్నే అసలుది. బయట నుంచి చూస్తే వీళ్లంతా ఒకే మాట అంటున్నట్టు ఉంటుంది: సర్కారు తప్పుకో, మార్కెట్ చూసుకుంటుంది. దగ్గరికెళ్తే ఒకరి గీత ఇంకొకరికి సరిపోదు. ఆడమ్ స్మిత్ వంతెనలు, బడులు సర్కారుకి అప్పగించాడు. అమెరికన్ ఆర్థికవేత్త రోత్‌బార్డ్ పోలీసుల్ని కూడా అప్పగించలేదు. ఈ తేడా పట్టుకోకుండా ఎన్ని పుస్తకాలు తిరగేసినా గుర్తుండేది నినాదాలే.

ఇంకో చిన్న చిక్కు, పేర్లతో. అమెరికాలో "లిబరల్" అంటే సంక్షేమ పథకాలు కావాలనేవాడు. పంతొమ్మిదో శతాబ్దపు యూరప్‌లో అదే మాటకు అర్థం స్వేచ్ఛా వాణిజ్యం, పరిమిత ప్రభుత్వం కోరేవాడు. పాత పేరు చేజారిపోవడంతో అమెరికాలో "లిబర్టేరియన్" అన్న పేరు వాడుకలోకొచ్చింది. ఆర్థికవేత్త హయెక్‌కి ఈ కొత్త పేరు బొత్తిగా నచ్చలేదు, 1960లో వచ్చిన పుస్తకం చివర ఆ మాట రాసి మరీ పెట్టాడు. తెలుగులో మనం స్వేచ్ఛావాదం అంటున్నాం. ఆ గొడుగు కింద ఎవరెవరు నిలబడ్డారో చూసుకుంటూ వాడితే ఇబ్బంది లేదు.

మొదటి మెట్టు: మూడు చిన్న రచనలు

లావు పుస్తకాలు పక్కన పెట్టండి. మూడూ కలిపినా ఒక మధ్యాహ్నం పని.

ఫ్రెడరిక్ బాస్టియా 1801లో ఫ్రాన్స్‌లోని బయాన్‌లో పుట్టాడు, 1850లో రోమ్‌లో చనిపోయాడు. చనిపోయిన ఏడాదే "కనిపించేది, కనిపించనిది" అనే అర్థం వచ్చే పేరుతో ఒక వ్యాసం రాశాడు. దుకాణదారు కొడుకు కిటికీ అద్దం పగలగొడతాడు. చుట్టూ చేరినవాళ్లు "పోన్లే, అద్దాల పనివాడికి ఆరు ఫ్రాంకులు దొరికాయి, వాళ్లూ బతకాలిగా" అని ఓదారుస్తారు. ఆ ఆరు ఫ్రాంకులు కనిపిస్తున్నాయి. అద్దం పగలకపోతే దుకాణదారు అదే డబ్బుతో చెప్పులు కొనేవాడు, ఆ చెప్పులవాడి నష్టం మాత్రం ఎవరి కంటికీ ఆనదు. వాదమంతా ఇంతే. 1845లో ఆయనే రాసిన కొవ్వొత్తుల తయారీదారుల అర్జీ కూడా చదవండి. సూర్యుడు ఉచితంగా వెలుతురిచ్చి మా వ్యాపారం దెబ్బతీస్తున్నాడు, కాబట్టి జనమంతా కిటికీలు మూసుకునేలా చట్టం తెమ్మని వాళ్లు వేడుకుంటారు. దిగుమతుల మీద సుంకాలు వేయమని ఏ సంఘం అడిగినా నాకు ఈ అర్జీయే గుర్తొస్తుంది.

రెండోది 1958లో లియనార్డ్ రీడ్ రాసిన పెన్సిల్ ఆత్మకథ. దేవదారు చెక్క, గ్రాఫైట్, పైన ఇత్తడి బిళ్ల, రబ్బరు ఎక్కడెక్కడినుంచి వచ్చాయో పెన్సిలే చెబుతుంది. దాన్ని మొదట్నుంచి చివరిదాకా ఒంటరిగా తయారు చేయగల మనిషి ప్రపంచంలో లేడంటుంది. పిల్లలకు కూడా చదివి వినిపించొచ్చు.

మూడోది హయెక్ వ్యాసం. ఇక్కడ మాత్రం తొందరపడకండి. 1945లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చిన ఈ వ్యాసం సమాజంలో జ్ఞానం ఎలా వినియోగమవుతుందన్న ప్రశ్న చుట్టూ నడుస్తుంది. ఆయన ఉదాహరణ తగరం. ఎక్కడో తగరానికి కొత్త వాడకం పుట్టింది, లేదా ఒక గని మూతపడింది. రెండిట్లో ఏది జరిగిందో వాడేవాళ్లకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ధర పెరిగింది కాబట్టి పొదుపుగా వాడతారు. ఏ అధికారీ సర్క్యులర్ పంపనక్కర్లేదు.

ఈ వ్యాసం మొదటిసారి చదివినప్పుడు నాకు సగమే అర్థమైంది. మిగతా సగం మదనపల్లె దగ్గర టమోటా వేసే మా బాబాయి చెప్పాడు, హయెక్ పేరు వినకుండానే. ఒక వేసవిలో ఫోన్ చేస్తే పొలంలో హడావుడిగా ఉన్నాడు.

"రేటు లేచింది రా, రెండు రోజులు ముందే కోయిస్తున్నా."

"ఎందుకు లేచింది బాబాయ్?"

"ఎందుకో నాకెందుకు రా? ఎక్కడో పంట పోయుంటుంది. రేపు మండీకి బాక్సులు చేరాల, పెట్టెయ్."

మహారాష్ట్రలో వానలు పడ్డాయా, కర్ణాటకలో తెగులొచ్చిందా అన్న వివరమేదీ ఆయన దగ్గర లేదు. ఒక్క అంకె అందింది. ఆ అంకె చూసి కూలీలను పిలిపించాడు. తన పొలంలో ఏ మడి పండింది, ఏది ఇంకో రెండు రోజులు ఆగాలి అన్న సంగతి మాత్రం ఆయనకే తెలుసు. ఏ రాజధానిలో ఏ కార్యాలయానికీ అది తెలిసే వీల్లేదు. ఇలాంటి, ఆ చోటికీ ఆ పూటకీ మాత్రమే చెందిన తెలివిడి గురించే హయెక్ మాట్లాడుతున్నాడు. అదే టమోటా ధర పడిపోయి జనం రోడ్డుమీద పారబోసిన రోజుల్ని కూడా ఆ పేజీ పక్కనే రాసుకోండి. ఆ అంకె బాబాయికి కబురు తెస్తుంది గానీ, అప్పు తీర్చడానికి ఆరు వారాలు గడువివ్వదు.

రెండో మెట్టు: ఆడమ్ స్మిత్ అసలు ఏమన్నాడు

1723లో స్కాట్లండ్‌లోని కర్కాల్డీలో పుట్టిన స్మిత్, జాతుల సంపద మీద 1776లో తెచ్చిన పుస్తకం మొత్తం చదవమని నేనెవరికీ చెప్పను. ముందుగా మొదటి భాగంలోని మొదటి మూడు అధ్యాయాలు చాలు. గుండుసూదుల కార్ఖానా అక్కడే ఉంది: పని పంచుకుంటే పదిమంది కలిసి రోజుకు 48,000 సూదులు పైచిలుకు చేస్తారు. ఎవరికి వారు చేస్తే రోజుకు ఇరవై కూడా కష్టమే.

తర్వాత అదే భాగం పదో అధ్యాయానికి వెళ్లండి. ఒకే వ్యాపారంలో ఉన్నవాళ్లు సరదాకి కలిసినా, సంభాషణ చివరికి జనానికి వ్యతిరేకంగా కుట్రలోకో, ధరలు పెంచే పన్నాగంలోకో తేలుతుందని అంటాడు. వ్యాపారుల్ని ఆకాశానికెత్తే పుస్తకమనుకుని వచ్చినవాళ్లు ఇక్కడ ఉలిక్కిపడతారు. "అదృశ్య హస్తం" అన్న ప్రసిద్ధ మాట అంత పెద్ద పుస్తకంలో ఒకే ఒక్కసారి, నాలుగో భాగంలో వస్తుంది.

ఆఖరున ఐదో భాగం మొదటి అధ్యాయం. రోజంతా రెండు మూడు చిన్న పనులే చేసే మనిషి బుద్ధి మొద్దుబారిపోతుందనీ, అందుకే సామాన్యుల చదువు విషయంలో రాజ్యం పట్టించుకోవాలనీ వాదించేది ఇక్కడే. నోటుబుక్కులో మూడో ప్రశ్న కింద రాయండి: దేశరక్షణ, న్యాయస్థానాలు, రోడ్లు, వంతెనలు, బడి చదువు.

మూడో మెట్టు: లెక్క కుదరదన్న తగాదా

ఆర్థికవేత్త లుడ్విగ్ ఫాన్ మీజెస్ 1881లో లెంబెర్గ్‌లో, అంటే ఇప్పటి ఉక్రెయిన్‌లోని ల్వీవ్‌లో పుట్టాడు. రష్యా విప్లవం వేడి ఇంకా చల్లారకముందే, 1920లో, ఒక వ్యాసంతో సోషలిస్టులకు సవాలు విసిరాడు. యంత్రాలు, భూములు, గనులు అన్నీ రాజ్యానివే అయితే వాటిని అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఉండరు. అప్పుడు వాటికి ధర ఉండదు. ధర లేకపోతే రైలు మార్గం వేయడం లాభమో, ఆ ఉక్కుతో నాగళ్లు చేయడం లాభమో లెక్కగట్టేదెలా? మనుషులు మంచివాళ్లా, స్వార్థపరులా అన్న చర్చ ఇందులో లేనే లేదు. అందరూ దేవతలే అయినా లెక్క కుదరదన్నదే ఆయన వాదం.

దీనికి పోలండ్ ఆర్థికవేత్త ఆస్కార్ లాంగే 1930ల్లో జవాబిచ్చాడు. ప్రణాళికా మండలి ఒక ధర పెట్టి చూస్తుంది, సరుకు మిగిలితే తగ్గిస్తుంది, కొరత వస్తే పెంచుతుంది, అలా సర్దుకుంటూ పోతే సరిపోతుందన్నాడు. ఇంత మంచి ప్రశ్న అడిగినందుకు సోషలిస్టు ప్రభుత్వ కార్యాలయంలో మీజెస్ విగ్రహం పెట్టాలని కూడా ఎత్తిపొడిచాడు. లాంగేకి జవాబుగా చదివితే హయెక్ 1945 వ్యాసం ఇంకో రంగులో కనిపిస్తుంది, కాబట్టి ఈ మెట్టు దగ్గర దాన్ని రెండోసారి చదవండి. మీజెస్ 1949 నాటి మహాగ్రంథం జోలికి ఇప్పుడే పోకండి. నేను రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ మధ్యలోనే ఆగిపోయాను.

నాలుగో మెట్టు: 1955 నుంచి మన దేశంలో

ఇదంతా విదేశీ వ్యవహారం అనుకునేవాళ్లు ఈ మెట్టు దాటేయకూడదు. రెండో పంచవర్ష ప్రణాళికను పరిశీలించడానికి వేసిన ఆర్థికవేత్తల బృందంలో మిగతావాళ్లంతా ఒకవైపు ఉంటే, 1955లో బి.ఆర్. షెనాయ్ ఒక్కరే అసమ్మతి పత్రం రాశారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివేటప్పుడే ఆయన మీద హయెక్ ప్రభావం పడింది. దేశంలో ఉన్న పొదుపుకు మించి ప్రణాళిక వేస్తే ఆ లోటు నోట్లు అచ్చేసి పూడ్చాల్సి వస్తుందనీ, ధరలు పెరుగుతాయనీ, అదుపు చేయడానికి కంట్రోళ్ల మీద కంట్రోళ్లు వస్తాయనీ హెచ్చరించారు. 1957 కల్లా విదేశీ మారకం కరిగిపోయి దేశం ఇబ్బందుల్లో పడింది. ఆ పత్రం చిన్నది, భాష సూటిగా ఉంటుంది, ఇప్పుడు చదివినా పాతబడ్డట్టు అనిపించదు.

షెనాయ్ పత్రం రాసిన 1955లోనే అమెరికన్ ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ భారత ప్రభుత్వానికి ఒక మెమొరాండం ఇచ్చాడు. ఒకపక్క భారీ పరిశ్రమలు, ఇంకోపక్క కుటీర పరిశ్రమలు, ఈ రెండు కొసల మీదే డబ్బు గుమ్మరించి నడిమధ్య ఉన్న చిన్న, మధ్యతరహా పరిశ్రమల్ని వదిలేస్తున్నారన్నది అందులోని ముఖ్యమైన అభ్యంతరం. అది అచ్చులోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. షెనాయ్ పత్రం పక్కనే పెట్టుకుని చదవండి.

ఇక తెలుగువాళ్ల వంతు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యానికి తీర్మానం చేసింది. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో 1900లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివొచ్చి, జీవితమంతా రైతు ఉద్యమాల్లో గడిపిన ఎన్.జి. రంగా దాన్ని ఎదిరించి కాంగ్రెస్ నుంచి బయటికొచ్చారు. అదే ఏడాది రాజాజీ, మినూ మసానీలతో కలిసి పెట్టిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడు ఆయనే. "పర్మిట్-లైసెన్స్ రాజ్" అన్న మాట రాజాజీ నోటినుంచే వాడుకలోకొచ్చింది. 1967 లోక్‌సభలో ఆ పార్టీకి 44 స్థానాలు దక్కాయి. 1974కల్లా వేరే పార్టీలో కలిసిపోయింది.

రంగా గారిని హయెక్ పక్కన కూర్చోబెట్టి చదివితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆయన రాతల్లో స్వేచ్ఛ అంటే స్టాక్ మార్కెట్టు, కంపెనీలు కావు. ఐదెకరాల రైతు, వాడి పట్టా, వాడి కొట్టం. భూమి మీద హక్కు పోతే అధికారి ముందు రైతు నోరు పెగలదన్నదే ఆయన భయం. ఈ పార్టీలోనే బొంబాయి పారిశ్రామికవేత్తలూ, సంస్థానాధీశులూ ఉన్నారు. ఆ బండిని అన్ని ఎడ్లూ ఒకే దిక్కుకు లాగాయని చెప్పలేం. నా నోటుబుక్కులో రంగా పేజీ ఇప్పటికీ అందరికన్నా పొడవైనది.

ఐదో మెట్టు: ఫ్రీడ్‌మన్, చేతికందే విధానాలు

1912లో బ్రూక్లిన్‌లో పుట్టిన ఫ్రీడ్‌మన్‌కి 1976లో నోబెల్ వచ్చింది. 1962 నాటి పెట్టుబడిదారీ విధానం, స్వేచ్ఛ అన్న పుస్తకం సన్ననిది, వారంలో అయిపోతుంది. బడికి ఇచ్చే డబ్బు బడికి కాకుండా తల్లిదండ్రుల చేతికి వోచర్‌గా ఇవ్వమంటాడు. పేదలకు సంక్షేమ శాఖలు, కార్డులు, ఇన్‌స్పెక్టర్లు వద్దు, ఒక పరిమితికన్నా తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు పన్ను శాఖే నేరుగా నగదు ఇవ్వాలంటాడు. మన దగ్గర నగదు బదిలీ గురించి మాట్లాడేవాళ్లు తెలిసో తెలియకో ఈ దారిలోనే ఉన్నారు. చదవడానికి ఓపిక లేకపోతే 1980లో వచ్చిన ఆయన పది భాగాల టీవీ కార్యక్రమం చూడొచ్చు. ప్రతి భాగం చివర ఆయన్ని వ్యతిరేకించేవాళ్లతో చర్చ ఉంటుంది, అదే బాగుంటుంది. 1975లో నియంతృత్వంలో ఉన్న చిలీకి వెళ్లి పినోషెను కలిసి సలహా ఇచ్చినందుకు జీవితాంతం నిలదీతలు ఎదుర్కొన్నాడు. ఆ సంగతి కూడా పేజీలో రాసుకోండి.

ఆరో మెట్టు: తత్వవేత్తలు

ఇక్కడ ప్రశ్న మారుతుంది. మార్కెట్ బాగా పనిచేస్తుందా అని ఆర్థికవేత్తలు అడిగితే, పని చేసినా చేయకపోయినా నా ఒప్పుదల లేకుండా నా సొత్తు తీసుకునే హక్కు ఎవరికైనా ఉందా అని వీళ్లు అడుగుతారు.

రాబర్ట్ నోజిక్ 1974లో రాసిన పుస్తకంతో మొదలుపెట్టండి. జాన్ రాల్స్ 1971లో ఇచ్చిన న్యాయ సిద్ధాంతానికి హార్వర్డ్‌లోని సాటి ఆచార్యుడే ఇచ్చిన జవాబు ఇది. విల్ట్ చాంబర్లెన్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడి ఉదాహరణ వెతుక్కోండి. మీకు నచ్చినట్టే సంపద పంచేశాం అనుకుందాం. పది లక్షలమంది ఇష్టపూర్వకంగా తలా పాతిక సెంట్లు ఆయన పెట్టెలో వేసి ఆట చూశారు. ఇప్పుడు ఆయన దగ్గర రెండున్నర లక్షల డాలర్లున్నాయి. అన్యాయం ఏ క్షణంలో జరిగింది?

ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయేవాళ్లు ఎక్కువ. నోజిక్ ఆగలేదు. సొత్తు న్యాయంగా సంపాదించి ఉండాలి, న్యాయంగా చేతులు మారి ఉండాలి, గతంలో అన్యాయం జరిగి ఉంటే దాన్ని సరిదిద్దాలి అని మూడు సూత్రాలు పెట్టాడు. మూడోదాన్ని వివరంగా పూరించలేదు. పాత అన్యాయాల లెక్క తేలకుండా ఫలానా పంపిణీ పథకం తప్పని తన సిద్ధాంతంతో కొట్టిపారేయకూడదని మాత్రం ఒప్పుకున్నాడు. ఏ కులానికి ఎన్ని తరాలు భూమి దక్కకుండా పోయిందో తెలిసిన మనదేశంలో ఆ మూడో సూత్రం కింద ఎర్రసిరాతో గీత గీసుకోవాలి. 1989 నాటి పుస్తకంలో ఆయనే తన పాత వైఖరి చాలదనిపిస్తోందని రాశాడు.

అయన్ రాండ్ సంగతి క్లుప్తంగా. 1905లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టింది, తండ్రి మందుల దుకాణాన్ని బోల్షెవిక్కులు లాక్కున్నారు, 1926లో అమెరికా చేరింది. ఆ కోపం ఎక్కడిదో తెలిస్తే నవలలు వేరేగా చదువుతాం. లిబర్టేరియన్లను ఆమె తిట్టిపోసింది కూడా. మర్రే రోత్‌బార్డ్‌ని అందరికన్నా చివర చదవండి. పోలీసులు, కోర్టులు కూడా మార్కెట్లోనే దొరకాలన్న ఆయన వాదాన్ని ఖండించాలంటే, రాజ్యం ఎందుకు కావాలో మనమే ఓపిగ్గా చెప్పుకోవాల్సి వస్తుంది. చాలామంది ఆ పని జీవితంలో ఒక్కసారి కూడా చేసి ఉండరు.

ఏడో మెట్టు: ఎదుటిపక్షం

ఇది అదనపు చదువు అనుకుని వదిలేయొద్దు. 1947 నాటి రాష్ట్రాలు-అల్పసంఖ్యాకులు అనే పత్రంలో అంబేడ్కర్ సూటిగా అడిగారు: రాజ్యం తప్పుకుంటే మిగిలే ఆ స్వేచ్ఛ ఎవరికి? భూస్వామికి కౌలు పెంచే స్వేచ్ఛ, యజమానికి పనిగంటలు పెంచి కూలి తగ్గించే స్వేచ్ఛ. దీన్ని రంగా పేజీకి ఎదురుగా అంటించండి. పట్టా పోతుందని భయపడే రైతు ఒకవైపు, పట్టాయే లేని కూలీ ఇంకోవైపు. ఇద్దరూ ఒకే ఊళ్లో ఉంటారు.

బ్రిటిష్ ఆర్థికవేత్త కీన్స్ ఉత్తరం ఒకటుంది. 1944లో హయెక్ పుస్తకాన్ని ఓడ ప్రయాణంలో చదివి, నైతికంగా దాదాపు అంతా ఒప్పుకుంటూనే అసలు చోట గిల్లాడు: ఎక్కడో ఒకచోట గీత గీయాలని మీరూ అంటున్నారు, ఎక్కడ గీయాలో మాత్రం చెప్పడం లేదు. మన మూడో ప్రశ్న ఇదే. నిజానికి ఆ పుస్తకంలోనే హయెక్ అందరికీ కనీస తిండి, బట్ట, ఆశ్రయం రాజ్యం చూడొచ్చన్నాడు. ఆయన్ని పొగిడేవాళ్లలో చాలామంది ఆ పేజీ దాకా వెళ్లినట్టు లేదు.

సర్కారా మార్కెట్టా అన్న రెండు గదుల్లోనూ ఇమడని ఒక రచన కూడా చేర్చుకోండి. కర్నూలు ప్రాంతపు పల్లెల్లో కాలువ నీళ్లను రైతులే ఉమ్మడిగా నీరుగట్టుల్ని, అంటే పొలాలకు నీళ్లు పారించే మనుషుల్ని, పెట్టుకుని పంచుకునే తీరు మీద రాబర్ట్ వేడ్ 1988లో పుస్తకం తెచ్చాడు. ఉమ్మడి వనరుల మీద పనిచేసి 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ ఆ కోవకే చెందుతుంది.

ఎనిమిదో మెట్టు: ఒక తగాదా మీద పరీక్ష

ఇప్పుడు మీ ఊళ్లో నలుగుతున్న ఒక విషయం తీసుకోండి. నేను ప్రైవేటు స్కూళ్ల ఫీజుల నియంత్రణ తీసుకున్నాను. పేజీలన్నీ తిప్పుతూ ఒక్కొక్కరి చేత జవాబు చెప్పించండి, రెండేసి వాక్యాల్లో. ఫీజుకి కత్తెర వేస్తే కట్టకుండా ఆగిపోయే కొత్త బడులు ఎన్నో చూడమంటాడు బాస్టియా. వోచర్ ఇచ్చి ఎంపిక తల్లిదండ్రులకు వదలమంటాడు ఫ్రీడ్‌మన్. స్మిత్ జవాబు రాయడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. ఊళ్లోని యాజమాన్యాలన్నీ ఒకచోట కూర్చుని ఫీజులు అనుకుంటున్నాయా అని ముందు ఆరా తీస్తాడాయన. అంబేడ్కర్ పేజీ తీస్తే ఇంకో ప్రశ్న లేచింది: వోచరు చేతికొచ్చినా ఆ బడి గేటు దగ్గర పిల్లాడి పేరు, పేట అడిగితే ఏం చేస్తావు?

దానికి ఫ్రీడ్‌మన్ చేత ఏం చెప్పించాలో తేలక కింద నాలుగు గీతలు ఖాళీగా వదిలాను. ఈ మధ్యే ఆయన పుస్తకంలో వివక్ష మీద ఉన్న అధ్యాయం మళ్లీ తీశాను. పోటీ ఉన్నచోట వివక్ష చూపేవాడు ఆ సరదాకి తానే మూల్యం చెల్లిస్తాడని అందులో ఉంది. రెండు గీతలు నిండాయి.